తెరపై తిరుగు చక్రము: అంతర్జాల టెలివిజన్ ఇంటిలో ఏల నిలిచిపోవును?

ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి చరిత్రలో పేరున్న గ్రామము. భక్త రామదాసుగా ప్రసిద్ధి చెందిన కంచెర్ల గోపన్న పుట్టిన ఊరిది. ప్రాచీన బౌద్ధ స్తూపమొకటి ఇచ్చట కలదు. ఇట్టి ఊరిలో ఈనాటి సామాన్య గృహమొకదానిని ఊహించవచ్చును. సాయంకాలము ఏడు గంటలు. పదవ తరగతి చదువుచున్న బాలిక భౌతికశాస్త్ర పాఠము వినుటకై టెలివిజన్ ముందు కూర్చున్నది. తెరపై ఉపాధ్యాయుడు కుంభాకార కటకమునకు కిరణ చిత్రము గీయుచున్నాడు. రెండవ కిరణము నాభిని చేరకమునుపే బొమ్మ నిలిచిపోయినది. తెర నడుమ చిన్న చక్రమొకటి తిరుగసాగినది. అర నిమిషము తరువాత బొమ్మ కదలినది. రెండు నిమిషములకు మరల ఆగినది. మూడవసారి ఆగునప్పటికి బాలిక పుస్తకము మూసివేసినది.

టెలివిజన్ పాతబడినదని తండ్రి అనును. ఇంకను ఎక్కువ వేగము గల పథకమునకు డబ్బు కట్టవలెనని అన్న అనును. రౌటరును ఆపి మరల వేయుడని పొరుగువారు చెప్పుదురు. ఈ మూడును నిజము కావచ్చును. మూడును పొరపాటు కావచ్చును. కొలవకుండ, పరీక్షింపకుండ చెప్పిన కారణము ఊహ మాత్రమే. ఊహను నమ్మి క్రొత్త టెలివిజన్ కొన్నవారి ఇంటిలో ఆ క్రొత్త తెరపైన కూడ అదే చక్రము తిరుగుట పలుచోట్ల కనబడుచున్నది.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2020లో కరోనా వ్యాధి వలన పాఠశాలలు మూతపడినప్పుడు, ఆ యేడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా పాఠములు ప్రసారమైనవి. నాటి నుండి టెలివిజన్, ఫోను, అంతర్జాలము చదువునకు సాధనములైనవి. తెర నిలిచినచో పాఠము నిలిచినట్లే. కావున అది ఏల నిలుచునో, లోపమెచ్చట ఉన్నదో కనుగొను పద్ధతిని ఉపాధ్యాయులు, విద్యార్థులు తెలిసికొనుట మేలు.

అందరికి ఒకే బొమ్మ, ఒక్కొక్కరికి ఒక బొమ్మ

భారతదేశమున 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగము జరిగినది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము నుండి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు నేరుగా అందినవి. ఆ రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పద్ధతిలో ఉపగ్రహము ఒక్క బొమ్మను ఆకాశము నుండి వెదజల్లును. పది మంది చూచినను పది లక్షల మంది చూచినను పంపవలసిన బొమ్మ ఒకటే. వర్షము కురిసినట్లు అది అందరి పొలములపై ఒకే రీతిగా పడును.

అంతర్జాల టెలివిజన్ రీతి వేరు. ఇందు ప్రతి ఇంటి పెట్టె తనకు కావలసిన బొమ్మను తానే అడుగును. దూరముననున్న సర్వరు దానిని ఆ ఇంటికి ప్రత్యేకముగా పంపును. ఇది వర్షము వంటిది కాదు, కాలువ నీటి వంటిది. కాలువ క్రింద ఎన్ని తూములు తెరచిన అన్ని పాయలుగా నీరు చీలును. పై తూములవారు ఎక్కువ వాడుకొన్న దినమున చివరి పొలమునకు నీరు తగ్గును. ప్రసార టెలివిజన్‌లో లేని చిక్కులు అంతర్జాల టెలివిజన్‌లో కలుగుటకు మూలకారణమిదే.

బొమ్మ ఎంత బరువు?

తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కల సముదాయము. సాధారణముగా వాడుకలోనున్న తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలుపుటకు 24 బిట్లు కావలెను. సెకనుకు 25 బొమ్మలు మారినచో సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు పంపవలసివచ్చును. ఇంత ప్రవాహమును సామాన్య గృహమునకు పంపుట సాధ్యము కాదు.

అందువలన బొమ్మను కుదించి పంపుదురు. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును మధ్య మారినదెంతయో అంత మాత్రమే వ్రాసి పంపుట ఈ కుదింపులోని ముఖ్యమైన ఉపాయము. ఉపాధ్యాయుని చేయి కదలినది గాని వెనుకనున్న నల్లబల్ల కదలలేదు. బల్లను మరల మరల పంపనక్కరలేదు. ఈ విధముగా 124 కోట్ల బిట్లు సుమారు 50 లక్షల బిట్లకు తగ్గును. దీనిని 5 మెగాబిట్లందురు. ఇంచుమించు 250 రెట్ల కుదింపన్నమాట.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. వేగమును మెగాబిట్లలోను, వాడిన పరిమాణమును మెగాబైట్లలోను చెప్పుదురు. 8 బిట్లు ఒక బైటు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున ఒక గంట పాఠము చూచినచో 18,000 మెగాబిట్లు, అనగా 2,250 మెగాబైట్లు ఖర్చగును. దినమునకు మూడు గంటలు చూచు ఇంటిలో నెలకు 200 గిగాబైట్లకు మించి వాడుక ఉండును. కొన్ని పథకములలో నెల పరిమితి దాటిన పిమ్మట వేగము మిక్కిలి తగ్గించుదురు. నెల మొదట బాగుగా వచ్చిన బొమ్మ నెలాఖరున మాత్రమే ఆగుచున్నచో మొదట చూడవలసినది ఈ లెక్కను.

పాలేరు జలాశయము చెప్పు పాఠము

నేలకొండపల్లికి సమీపముననే పాలేరు జలాశయము కలదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువపై ఇది సమతుల్య జలాశయము. పైనుండి వచ్చు నీరు ఒక దినము ఎక్కువగాను, ఒక దినము తక్కువగాను ఉండవచ్చును. జలాశయము ఆ హెచ్చుతగ్గులను తనలో ఇముడ్చుకొని దిగువకు నీటిని సమముగా విడుచును. పై నుండి రాక కొంతసేపు తగ్గినను దిగువ పొలమునకు ఆ సంగతి తెలియదు.

టెలివిజన్‌లో కూడ ఇట్టి జలాశయమొకటి కలదు. దానిని బఫరు అందురు. సర్వరు నుండి వచ్చిన బొమ్మలు నేరుగా తెరపైకి పోవు. మొదట బఫరులో నిలువయగును. తెర అందులోనుండి వాడుకొనును. ఈ బఫరు వట్టిపోయినప్పుడే తెరపై చక్రము తిరుగును. చక్రము తిరుగుచున్నదనగా పెట్టె చెడినదని అర్థము కాదు. నిలువ అడుగంటినది, మరల నిండుచున్నదని అర్థము.

దీనిని లెక్క వేసి చూడవచ్చును. బఫరులో 30 సెకనుల బొమ్మ ఉన్నదనుకొన్నచో, సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున అది 150 మెగాబిట్లు. ఇంటికి వచ్చు ప్రవాహము సెకనుకు 4 మెగాబిట్లే ఐనచో ప్రతి సెకనుకు 1 మెగాబిటు లోటు పడును. 150 సెకనులకు, అనగా రెండున్నర నిమిషములకు, నిలువ తీరిపోవును. బొమ్మ ఆగును. కొంత నిండిన పిమ్మట మరల కదలి, మరల ఆగును. ప్రవాహము పూర్తిగా తెగినచో 30 సెకనులకే ఆగును.

ఈ లెక్కలో రోగనిర్ణయమునకు ఉపయోగించు సూచన కలదు. బొమ్మ ఇంచుమించు సమానమైన వ్యవధులతో పలుమార్లు ఆగుచున్నచో ప్రవాహము చాలుట లేదని ఊహింపవచ్చును. గంటసేపు చక్కగా నడచి హఠాత్తుగా ఒకసారి ఆగినచో ప్రవాహము ఎచ్చటనో తెగినదని ఊహింపవచ్చును. మొదటిది సన్నని గొట్టము, రెండవది వదులైన ముడి.

ప్రవాహము తగ్గినప్పుడు బొమ్మ ఆగకుండుటకు మరియొక ఏర్పాటు కూడ కలదు. సర్వరులో ప్రతి కార్యక్రమమును రెండు మొదలు పది సెకనుల ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను పెక్కు నాణ్యతలలో సిద్ధపరచి ఉంచుదురు. ప్రవాహము బాగున్నచో పెట్టె మేలైన ముక్కను అడుగును. తగ్గినచో తక్కువ నాణ్యత గల ముక్కను అడుగును. ఆపిల్ సంస్థ 2009లో ఇట్టి పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టినది. నేడు ఈ రీతి లోకమంతట వాడుకలో నున్నది. బొమ్మ అప్పుడప్పుడు మసకబారి మరల స్పష్టమగుట ఇందువలననే. మసక రోగము కాదు, రోగమునకు పెట్టె చేసికొన్న చికిత్స.

ప్రత్యక్ష ప్రసారములకు మాత్రము పెద్ద నిలువ సాధ్యము కాదు. జరుగబోవు ఆటను ముందుగా నిలువ చేయలేరు గదా! అందుచేత ఒకే ఇంటిలో, ఒకే దినమున సినిమా చక్కగా నడచి, క్రికెట్టు ఆట ఆగిపోవచ్చును.

వెలుగు నడచు త్రోవ

బొమ్మ ఇంటికి వచ్చు త్రోవను ఇప్పుడు చూడవలెను. గ్రామములకు కాంతి తంతువులను, అనగా ఫైబరును, వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదే తరువాత భారత్‌నెట్ అను పేరు పొందినది. తెలంగాణలో మిషన్ భగీరథ త్రాగునీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబరు కొరకు కూడ గొట్టములను వేసిరి. ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభములపై ఫైబరును లాగి, 2017 డిసెంబరులో ఆ రాష్ట్ర ఫైబరు గ్రిడ్డును ప్రారంభించిరి. అంతర్జాలము, టెలివిజన్, టెలిఫోను మూడును ఒకే తంతువు ద్వారా ఇంటికి పంపుట దాని ఉద్దేశము. ఒకచోట నీటితో కూడ భూమి క్రిందను, ఒకచోట విద్యుత్తుతో కూడ స్తంభములపైనను వెలుగు ప్రయాణము చేయుచున్నది.

వెలుగు ఋజుమార్గమున పోవునని పాఠ్యపుస్తకములు చెప్పును. ఐనను అది వంకరగానున్న తంతువులో ఎట్లు పోవును? సంపూర్ణాంతర పరావర్తనము వలన. తంతువు లోపలి గాజునకును, దాని చుట్టునున్న గాజు పొరకును వక్రీభవన గుణకములలో స్వల్ప భేదముండును. అంచును ఏటవాలుగా తాకిన వెలుగు బయటకు పోక లోపలికే మరలును. 1840 ప్రాంతమున జెనీవా నగరమున డానియెల్ కొల్లడాన్ నీటిధార వెంట వెలుగు వంగిపోవుటను చూపెను. ఐనను గాజులోని మలినములు వెలుగును మింగివేయుచుండుటచే దూర ప్రయాణము చాలకాలము సాధ్యము కాలేదు. మలినములను తొలగించినచో గాజు తంతువు దూరవార్తలకు పనికివచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జి హాక్‌హామ్ వాదించిరి. కావోకు 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఊరికి వచ్చిన ఒక తంతువును చీలిక పెట్టె ద్వారా 32 ఇండ్లకో, అంతకు మించియో పంచుదురు. 32 ఇండ్లకు పంచినచో ఒక్కొక్క ఇంటికి అసలు వెలుగులో 32వ వంతు కూడ పూర్తిగా చేరదు. ఇంటిలోని ఫైబరు పెట్టె ఒక వాట్టులో పది లక్షల వంతులలో రెండు వంతుల వెలుగుతోనైనను పని చేయగలదు. అంతకంటె మిక్కిలి తగ్గినచో చేయలేదు. తంతువులో వెలుగు నడచు భాగపు వ్యాసము సుమారు 9 మైక్రానులు. తల వెండ్రుక దానికంటె ఎన్నో రెట్లు లావు. కావున కొసయందు ధూళికణమొకటి పడినను, తలుపు సందులో పడి తంతువు బిగువుగా మడత పడినను వెలుగు క్షీణించును. ఎలుక కొరికినచో పూర్తిగా తెగును.

ఈ సంగతులను ఫైబరు పెట్టెపై దీపములు తెలుపును. పాన్ అని గుర్తున్న దీపము నిలకడగా వెలుగుచున్నచో వెలుగు చేరుచున్నది. లాస్ అని గుర్తున్న దీపము ఎఱ్ఱగా మినుకుచున్నచో వెలుగు చేరుటలేదు. అప్పుడు ఇంటివారు చేయదగినది తంతువు మడతలను సరిచూచి, సేవ అందించువారికి తెలుపుట మాత్రమే. తంతువు కొసను ఊడదీసి కన్నుపెట్టి చూడరాదు. ఇంటికి వచ్చు వెలుగు తరంగదైర్ఘ్యము సాధారణముగా 1,490 నానోమీటర్లు. అది కంటికి కనబడదు గాని హాని చేయగలదు.

భద్రాచలము వైపు అడవి పల్లెలలో పలువురు టెలివిజన్‌ను ఫోను ద్వారా వచ్చు అంతర్జాలముతో నడపుదురు. అచ్చట త్రోవ గాజు కాదు, గాలి. రేడియో తరంగములను కొండలు అడ్డగించును; తడిసిన ఆకులు కొంత పీల్చును. ఫోనును గది మధ్యనుండి టవరు దిశనున్న కిటికీ యొద్దకు మార్చినచో కొన్నిసార్లు ఇతర వ్యయమేమియు లేకుండగనే ప్రవాహము పెరుగును.

ఆఖరి పది గజములు

వందల కిలోమీటర్లు గాజులో నిరాటంకముగా వచ్చిన బొమ్మ, ఇంటిలోని ఆఖరి పది గజములలో చిక్కుపడుట మిక్కిలి సాధారణము. ఇచ్చట దానిని మోయునది వై-ఫై, అనగా రౌటరు నుండి వెలువడు రేడియో తరంగము.

వై-ఫైకి ముఖ్యముగా రెండు మార్గములు కలవు. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. ఇది గోడలను కొంత మేరకు దాటి దూరము పోవును గాని రద్దీ ఎక్కువ. బ్లూటూత్ సాధనములు, మైక్రోవేవ్ పొయ్యి కూడ ఈ ప్రాంతముననే పని చేయును. 5 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. ఇందు వేగమెక్కువ, రద్దీ తక్కువ. కాని మందపు గోడ అడ్డమైనచో త్వరగా బలహీనపడును. టెలివిజన్, రౌటరు ఒకే గదిలోనున్నచో 5 గిగాహెర్ట్జులు మేలు. నడుమ రెండు గోడలున్నచో 2.4 మేలు కావచ్చును. పరీక్షించి చూచుటయే మార్గము.

ఇనుప బీరువా, నిలువుటద్దము, నీళ్ల తొట్టి తరంగములకు పెద్ద శత్రువులు. లోహము వానిని త్రిప్పికొట్టును, నీరు పీల్చును. రౌటరు కంటికి ఇంపుగా ఉండదని దానిని బీరువా వెనుకనో, అలమరలోనో దాచుట పలు ఇండ్లలో అలవాటు. ఇది దీపమును కుండలో పెట్టి గదికి వెలుగు రాలేదనుట వంటిది. అలమరలో మరియొక హాని కూడ కలదు. అనేక రౌటర్లు 40 డిగ్రీల వేడి వరకు మాత్రమే తట్టుకొనునట్లు చేయబడినవి. ఖమ్మం జిల్లాలో మే నెల ఎండ 40 డిగ్రీలను దాటుట క్రొత్త కాదు. మూసిన అలమరలో వేడి ఇంకను హెచ్చును. రౌటరు తనంతట తాను ఆగి మరల మొదలగుట జరుగును.

వై-ఫైలో ఇంకొక విశేషము. ఒక మార్గముపై ఒక్కసారికి ఒక్క సాధనమే మాటలాడవలెను, తక్కినవి వేచియుండవలెను. దూరముననున్న ఫోనుకు తరంగము బలహీనముగా అందుటచే అది మెల్లగా మాటలాడును. మెల్లగా మాటలాడువాడు ఎక్కువసేపు వేదికను ఆక్రమించినట్లు, ఆ ఫోను టెలివిజన్ సమయమును కూడ తినివేయును. కావున పెరటిలో ఒకరు పెద్ద వీడియోను పంపుచుండగా, ముందుగదిలో పాఠము ఆగిపోవచ్చును.

ఇప్పుడు అన్న చెప్పిన సలహాను పరిశీలింపవచ్చును. ఆ ఇంటి పథకము సెకనుకు 30 మెగాబిట్లనుకొన్నచో, అది ఒక టెలివిజన్‌కు కావలసిన 5 మెగాబిట్లకు ఆరు రెట్లు. గోడల వలన టెలివిజన్‌కు చేరునది 4 మాత్రమే ఐనచో, పథకమును 100కు పెంచినను ఆ గోడలు అట్లే ఉండును. చేరునది 4 మాత్రమే. పైపులో మట్టి పేరుకొన్నప్పుడు చెరువును పెద్దది చేసి లాభము లేదు. పది గజముల తీగతో రౌటరును టెలివిజన్‌కు కలిపినచో ఈ చిక్కు తీరిపోవును.

పెట్టెలోని లోపములు

త్రోవ అంతయు బాగున్నను టెలివిజన్‌లోనే లోపము ఉండవచ్చును. అందు కొన్ని వింతగా కనబడును. కరెంటు పోయి వచ్చిన పిమ్మట టెలివిజన్ గడియారము ఏదో పాత తేదీని చూపుచున్నదనుకొనవచ్చును. అప్పుడు దీపములన్నియు చక్కగా వెలుగుచున్నను కార్యక్రమము తెరచుకొనదు. ఏలయనగా, సర్వరు తన గుర్తింపు పత్రమును చూపునప్పుడు దానిపై ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చెల్లునో వ్రాసియుండును. తప్పు తేదీ గల టెలివిజన్ ఆ పత్రమును చెల్లనిదిగా భావించి తలుపు మూసివేయును. గడియారమును సరిచేసినచో తలుపు తెరచుకొనును.

నిలువ స్థలము నిండుట మరియొక కారణము. వాడని ఆప్‌లను తీసివేసినచో పెట్టె తేలికపడును. మిక్కిలి పాత టెలివిజన్లకు కొన్ని ఆప్‌ల క్రొత్త రూపములు రావు. అట్టి సందర్భమున టెలివిజన్‌ను మార్చనక్కరలేకుండ, వెనుక తగిలించు చిన్న పెట్టెతో పని జరుగును.

రౌటరును ఆపి మరల వేయుట వలన కొన్నిసార్లు గుణము కనబడుటకు కారణమున్నది. చిన్న కంప్యూటరు వంటి ఆ పెట్టె జ్ఞాపకములో చిక్కుపడిన లెక్కలు తుడిచిపోయి అది మరల మొదటినుండి పని ప్రారంభించును. కాని ప్రతి దినము ఇట్లు చేయవలసివచ్చుచున్నచో అది చికిత్స కాదు, రోగలక్షణము.

పరీక్షించు క్రమము

లోపమును వెదకునప్పుడు ఒక నియమము ముఖ్యము: ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను. రౌటరును జరిపి, తీగ మార్చి, పథకమును పెంచిన పిమ్మట బొమ్మ బాగుపడినచో, దేనివలన బాగుపడినదో ఎవరును చెప్పలేరు. ప్రయోగశాలలో ఒక రాశిని మార్చి తక్కినవానిని స్థిరముగా ఉంచు పద్ధతియే ఇచ్చటను పనికివచ్చును.

మొదటి ప్రశ్న: ఒక్క ఆప్‌లోనే ఆగుచున్నదా, అన్నిటిలోను ఆగుచున్నదా? ఒక్కదానిలోనే ఐనచో లోపము ఆ సర్వరులోనో, ఆ ఆప్‌లోనో ఉండవచ్చును. ఇంటిలో వెదకి ప్రయోజనము తక్కువ.

రెండవ ప్రశ్న: టెలివిజన్ ప్రక్కనే అదే వై-ఫైపై ఫోనులో అదే పాఠము చక్కగా నడచుచున్నదా? నడచినచో టెలివిజన్‌ను పరీక్షింపవలెను: గడియారము, నిలువ స్థలము, క్రొత్త రూపము. ఫోనులోను ఆగినచో లోపము టెలివిజన్‌ది కాదు. తండ్రి క్రొత్తది కొననక్కరలేదు.

మూడవ ప్రశ్న: ఫోనును రౌటరుకు రెండడుగుల దూరమునకు తెచ్చినచో పాఠము నడచుచున్నదా? నడచినచో దోషము గోడలది, దూరముది. రౌటరును ఎత్తుగా, ఇంటి నడుమకు మార్చి చూడవలెను. లేదా తీగ వేయవలెను. రౌటరు చెంతనే ఆగుచున్నచో తరువాతి ప్రశ్నకు పోవలెను.

నాల్గవ ప్రశ్న: తక్కిన సాధనములన్నిటిని ఆపి, ఒక్కదానితో వేగమును కొలిచినచో ఎంత వచ్చుచున్నది? పథకములో చెప్పిన వేగమునకు దగ్గరగా వచ్చినచో, ఇంటిలోని తక్కిన ఫోనుల వాడుకయే కారణము కావచ్చును. చాల తక్కువ వచ్చినచో నెల పరిమితిని, ఫైబరు పెట్టె దీపములను చూడవలెను.

ఐదవ ప్రశ్న: ఏ వేళలందు ఆగుచున్నది? ఉదయము 6 గంటలకు చక్కగా నడచి, రాత్రి 8 గంటలకు మాత్రమే ఆగుచున్నచో, ఊరివారందరు ఒకేసారి చూచుట వలన పై కాలువలో నీరు చాలుట లేదని భావింపవచ్చును. ఇంటిలో ఎన్ని మార్పులు చేసినను ఇది తీరదు. వారము దినములు ఉదయము, రాత్రి కొలిచి వ్రాసిన పట్టికతో సేవ అందించువారికి ఫిర్యాదు చేయవలెను. "సరిగా రావడం లేదు" అను మాట కంటె తేదీలతో, అంకెలతో కూడిన పట్టిక ఎక్కువ పని చేయును. అంతవరకు పాఠమును ఉదయమే దించుకొని, సాయంకాలము చూచుట మంచి ఉపాయము. అది కూడ సమతుల్య జలాశయమే. 30 సెకనులకు బదులు ఒక రాత్రికి సరిపడు జలాశయము.

తరగతిలో చేయదగిన ప్రయోగములు

తెల్లని ప్లాస్టిక్ సీసాకు క్రింది భాగమున ప్రక్కగా అర సెంటీమీటరు రంధ్రము చేసి, వేలితో మూసి, నీరు నింపవలెను. ఎదుటి ప్రక్కనుండి లేజరు దీపపు కిరణము రంధ్రముపై పడునట్లు చేసి, వేలు తీయవలెను. గదిని చీకటి చేసినచో, వంగిపడు నీటిధార వెంట వెలుగు కూడ వంగి, క్రింద పెట్టిన అరచేతిలో ఎఱ్ఱని చుక్కగా వెలుగును. లేజరును ఎవరి కంటివైపునకును త్రిప్పరాదు. దీనిని ఉపాధ్యాయుడే స్వయముగా చేయుట మంచిది.

రెండవ ప్రయోగమునకు అడుగున చిన్న తూము గల బకెట్టు చాలును. పైనుండి చెంబుతో అప్పుడొకటి ఇప్పుడొకటిగా నీరు పోయుచున్నను, బకెట్టులో నీరున్నంతవరకు తూము ధార ఆగదు. పోయుట తగ్గించి, ధార ఎంతసేపటికి ఆగునో గడియారముతో కొలిచి, పైన చూపిన 150 సెకనుల లెక్క వంటి లెక్కను విద్యార్థులచే వేయింపవచ్చును. మూడవది ఇంటిపని: విద్యార్థి తన ఇంటిలో నాలుగు చోట్ల ఫోనుతో వై-ఫై వేగమును కొలిచి, ఇంటి పటముపై ఆ అంకెలను గుర్తించవలెను. బీరువా ఉన్న గోడ ఎచ్చట ఉన్నదో ఆ పటమును చూచినవారు చెప్పగలరు.

నేలకొండపల్లిలోని ఆ ఊహాగృహమునకు తిరిగి పోయినచో, బాలిక ఫోనును రౌటరు వద్దకు తీసికొనిపోయి చూచినది. పాఠము ఆగకుండ నడచినది. రౌటరు బీరువా వెనుక ఉన్నది. దానిని తీసి గూటిలో పెట్టినారు. ఇందుకు రూపాయి కూడ ఖర్చు కాలేదు. రెండవ కిరణము నాభిని చేరినది, ప్రతిబింబము ఏర్పడినది. ఏ ఇంటిలోనైనను చక్రము తిరిగినప్పుడు డబ్బు సంచిని తెరచుటకు ముందు నోటుపుస్తకమును తెరచుట మేలు.